సీసపు ఆప్రాన్‌కు పంచె మడతలు

తమిళ ఊరు కోవిల్‌పట్టిలో నేను గుమాస్తాగా ఉన్న ఎక్స్‌రే సెంటరులో ఏటా రేడియేషన్ భద్రత తనిఖీ జరిగేది. అంటే పాత ఫైలులో తారీఖు మార్చి మేనేజరు సంతకం పెట్టేవాడు. ఆ ఏడు డాక్టరుగారు ఆ పని నాకు అప్పగించారు. నాలుగు ఆదివారాలు విరుదునగర్ వెళ్లి, లైబ్రరీలో ఆ విషయం మీదున్న రెండు లావు పుస్తకాలూ చదివాను. మేనేజరు పంచాంగం తప్ప మరేదీ తెరిచిన మనిషి కాడు.

"లైబ్రరీ వాద్యారు ఒచ్చేసినారు, అందరూ లేసి నిలబడండప్పా!" అన్నాడు నన్ను చూసి. వాద్యారంటే మా వైపు పంతులు.

ముందు సీసపు ఆప్రాన్ అడిగాను. కిరణాలు ఒంటికి తగలకుండా వేసుకునే బరువైన తొడుగు అది. దాన్ని వేలాడదీయాలి, మడిస్తే లోపలి సీసం పొర చిట్లుతుంది. మేనేజరు బీరువా తీసి, పెళ్లికి దాచిన పట్టుపంచెలా నాలుగు మడతలు పెట్టినదాన్ని రెండు చేతులతో అందించాడు.

"దినామూ నేనే మడిచి పెట్టేది. మూలకి మూల ఎట్లుండాది చూడు."

పంచె మడవడం వచ్చినవాడికి లోకంలో అన్నీ పంచెలే.

ఏడ్చే పిల్లల్ని పట్టుకోవలసి వస్తే మా టెక్నీషియన్ ఆ ఆప్రాన్ వేసుకునే గదిలో నిలబడేది. ఆమెకు ఐదో నెల. ఆప్రాన్‌నే యంత్రం కింద పరిచి ఎక్స్‌రే తీయించాను. తెరమీద సీసం తెల్లగా, మడతలున్న చోటల్లా కిరణాలు దూరిన నల్లటి గీతలు. ఒక గీత సరిగ్గా పొట్ట దగ్గర.

"అన్నా, బిడ్డకు ఎంత తగిలిండును?"

అది చెప్పగలిగేది తగిలిన కిరణాలను కొలవడానికి ఒంటిమీద పెట్టుకునే బ్యాడ్జి ఒక్కటే. "నీ బ్యాడ్జి ఏదమ్మా?" అన్నాను.

ఆమె మేనేజరు వైపు చూసింది. అతను సొరుగు తాళం తీశాడు. ఆయుధపూజనాటి గంధం బొట్లతో అందరి బ్యాడ్జిలూ వరసగా ఉన్నాయి.

"పోగొడతారని నేనే బద్రంగా పెట్టిండాను. ప్రతి రిపోర్టులోనూ సున్నానే! బయపడొద్దు పాపా, ఒకటీ కాదు."

మూడేళ్లుగా ఆ రిపోర్టులు చెప్పిందల్లా సొరుగు క్షేమమని.

ఆమె తన బ్యాడ్జి తీసుకుని, గంధం కొంగుతో తుడిచి, తగిలించుకుంది.

"ఇంక పిల్లోళ్లను నువ్వే పట్టుకో మామా. ఆ ఆప్రాన్ నీకు బాగా అలవాటు కదా."

కొత్త ఆప్రాన్‌కు ఆర్డరిచ్చాం, ఇంకా రాలేదు. మర్నాడు ఒక తల్లి ఏడుస్తున్న పాపను తెచ్చింది. మేనేజరు గోడకు వేలాడుతున్న పాత ఆప్రాన్ వైపు ఒకసారి చూశాడు. తర్వాత ఆ తల్లిని ఎక్స్‌రేకు విరుదునగర్ వెళ్లమని తమిళంలో చీటీ రాసిచ్చాడు.