కుంకుమ బొట్టు పెట్టిన రాకెట్టు

తుప్పు, ఉప్పుగాలి, నేల తుడిచే మందు కలిసిన ఆ వాసన తలుపు తీయగానే ముఖాన కొట్టింది. ఆఫీసు వాళ్ళు గది బుక్ చేస్తే మోరిస్‌విల్ నుంచి మూడు గంటలు డ్రైవ్ చేసి అమెరికా తూర్పు తీరాన ఈ బీచ్ ఊరికి వచ్చాను. పేరు మార్చినందువల్ల మోటెల్‌ను పోల్చుకోలేదు గాని, లాబీ గోడకు బిగించిన నాలుగు రెక్కల ఇనుప గొట్టాన్ని మాత్రం వెంటనే పోల్చుకున్నాను.

నా తొమ్మిదో ఏట మేము ఇక్కడే, దుప్పట్లు ఉతికే గది వెనకాల ఒక్క గదిలో ఉండేవాళ్ళం. నాన్న వంటవాడు, అమ్మ గదులు ఊడ్చేది. తుపానుల కాలం ముగియవచ్చి ఎండ మెత్తబడే రోజుల్లో, డ్రయర్ల వేడిగాలిలో సబ్బు వాసనా మా పోపు వాసనా కలిసిపోతుండగా, నాన్న తన కత్తులను ఒక్కొక్కటిగా నూరి, నూనె రాసి, పాత తువ్వాలులో చుట్టి, నన్ను తాకనివ్వకుండా పై అరలో పెట్టేవాడు.

ఆ ఏడు తుపానుకు ఇసుక దిబ్బ విరిగి గొట్టం బయటపడింది. గవ్వలేరుకోవడానికి వెళ్ళిన నేను దాన్ని ఈడ్చుకుంటూ ఇంటికి తెచ్చాను.

"ఏందే ఇది?" అంది అమ్మ.

"యుద్ధం నాటి రాకెట్టమ్మా. విమానాల్ని కొట్టే ఫిరంగులోళ్ళు గురి నేర్చుకోడానికి దీన్ని ఎగరేసేవోళ్ళంట. బళ్ళో చెప్పారు."

"అయితే ఆయుధమేగా. రేపు పూజలో పెడదాం, కడుగు."

దసరా పూట మా గది ముందు నాన్న కత్తులు, అమ్మ చీపురు, మిక్సీ, వాటి నడుమ పసుపు పూసి కుంకుమ బొట్టు పెట్టిన రాకెట్టు. గారెలు ఇంకా నూనెలో ఉండగానే, ఎదురుగదిలోని అతిథి కిటికీలోంచి చూసి పోలీసులకు ఫోన్ చేసింది. మోటెలంతా ఖాళీ చేయించారు. బాంబుల నిపుణుడొకడు వచ్చి గొట్టాన్ని తట్టి, తిప్పి, మందులేని ఉత్త డొల్ల అని తేల్చాడు. ఇది ఆయుధం కాదు, ఆయుధాలకు ఎదురుగా పంపినది మాత్రమే అన్నాడు.

యజమాని మన తెలుగువాడే. నాచేత అంకుల్ అని పిలిపించుకునేవాడు. అతిథులందరి ముందు నాన్న మీద విరుచుకుపడ్డాడు.

"బాంబుకు బొట్టు పెడతారటయ్యా? నా బిజినెస్‌కి దండేసి కూర్చున్నారే! ఎవరు తెచ్చారు దీన్ని?"

నేను నోరు తెరిచేలోగా నాన్న నా భుజం నొక్కాడు. "నేనే తెచ్చానండీ."

ఆ సాయంత్రానికే మమ్మల్ని వెళ్ళగొట్టాడు. చల్లారిన గారెలు డబ్బాలో సర్దుకుని, కత్తుల మూట ఒడిలో పెట్టుకుని బస్సెక్కాం. రాకెట్టును మాత్రం ఆయన ఉంచుకున్నాడు.

మా ఇంట మొదటి డిగ్రీ పట్టా నాది. దాన్ని చూడకుండానే నాన్న పోయాడు. ఆ తప్పు నాదని ఆయన చివరిదాకా ఎవరితోనూ అనలేదు, నేనూ చెప్పలేదు.

మా గది ఇప్పుడు లేదు. అక్కడ కార్లు ఆపుతున్నారు. రాకెట్టుకు నిగనిగలాడే ఎర్ర రంగు వేశారు. బొట్టు పెట్టిన చోటు తెలియడం లేదు. కౌంటర్ వెనక ముసలివాడైన ఆ అంకుల్, నన్ను ఆనవాలు పట్టకుండానే, నవ్వుతూ తెలుగులో అన్నాడు: "బాగుంది కదమ్మా? తుపాను తర్వాత బీచ్‌లో దొరికింది. నేనే తెచ్చాను."

తాళం అందుకోకుండా పెట్టె తిరిగి చేతిలోకి తీసుకున్నాను.

"మా నాన్న కూడా మీతో ఆ మాటే అన్నాడండీ, అంకుల్."