అందరూ తిన్న తర్వాత

రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు మారిన ఏడాది నాకు పులివెందులలో రోడ్డు పనుల మీద ఓవర్సీరు ఉద్యోగం వచ్చింది. ఇల్లు ప్రొద్దుటూరులో. పదిహేను రోజులకొకసారి బస్సెక్కి ఇంటికి వచ్చేవాణ్ణి. రోజూ చూసేవాళ్ళకు కనపడని మార్పు అప్పుడప్పుడూ వచ్చేవాడికి కనపడుతుంది. మా చెల్లెలి గాజులు మోచేతి దాకా జారిపోతున్నాయని నేను గమనించింది అందువల్లే. అప్పటికి ఆమెకు పదహారేళ్ళు.

అది ఒక్కపొద్దులతో మొదలైంది. ముందు శనివారం ఒక్కటే ఉండేది. తర్వాత సోమవారం, ఆ తర్వాత గురువారం, ఏకాదశులు. ఆ వయసుకే అంత భక్తి అని అమ్మ వీధంతా చెప్పుకునేది. బంధువులు తమ పిల్లలకు ఆమెను చూపించి బుద్ధులు చెప్పేవారు. నేనూ మెచ్చుకున్నాను. ఆ సంగతి దాచిపెట్టి ఇది రాయడం సరికాదు.

నాకు అంతుబట్టనిది ఇంకొకటి ఉంది. తినని పిల్లకు వంట మీద ఎప్పుడూ లేనంత శ్రద్ధ పుట్టింది. ఎవరూ అడగకుండానే పూర్ణం పెట్టి ఓళిగలు చేసేది. సంగటిలోకి శెనక్కాయల ఊరిమిండి పచ్చడి నూరేది. మాకు వడ్డించి, మేం తింటుంటే ఎదురుగా కూర్చుని కళ్ళార్పకుండా చూసేది. చాలన్నా వినకుండా ఇంకో ముద్ద వేసేది.

నేను పాలిటెక్నిక్‌లో చదివినవాణ్ణి. ఏదైనా చెడిపోతే ముందు కొలవాలని నేర్పారు. పుస్తకంలో గళ్ళు గీశాను. తేదీ, బరువు, నాడి, నిద్ర, తలనొప్పి. వచ్చినప్పుడల్లా ఆమెను వీధి చివర పత్తి అంగడిలోని కాటా దగ్గరికి తీసుకుపోయి నిలబెట్టేవాణ్ణి. బరువు ఎంత తగ్గిందో ఆమెకే చదివి వినిపించేవాణ్ణి. భయపడి తింటుందని నా లెక్క. ఆమె భయపడలేదు. నేను రాకముందే తయారై గడపలో కూర్చునేది. "ఈసారి ఎంతన్నా?" అని తనే అడిగేది. పరీక్ష మార్కుల కోసం చూసేవాళ్ళ ముఖంలో ఉండే ఆత్రం ఆ ముఖంలో ఉండేది. అది చూసి కూడా మూడు నెలలు కాటా ఎక్కించాను. ఆ అంకెలు ఇక్కడ రాయదలచుకోలేదు.

ఈ విషయం మొదట పట్టుకుంది మా పక్కింటి ముసల్మాను ఆమె. రంజాను నెల ముగిసిన మర్నాడు సేమ్యా గిన్నెతో వచ్చింది. చెల్లెలు గిన్నె అందుకుని, ఈరోజు ఒక్కపొద్దని చెప్పి లోపలికి పోయింది. పక్కింటామె అమ్మతో అంది: "మేము నెల దినాలుంటాం. పొద్దు గూకుతానే ఇడుస్తాం. పండగొస్తానే అంతా అయిపాయ. మీ పాప ఇడిసేది ఎప్పుడక్కా?"

అమ్మకు కోపం వచ్చింది. ఆమె పోయాక చాలాసేపు గొణుక్కుంది. ఆ వారంలోనే చెల్లెలు నీళ్ళ బిందె దించుతూ కళ్ళు తిరిగి పడిపోయింది.

జమ్మలమడుగు ఆసుపత్రికి తీసుకుపోయాం. నాయన, అమ్మ, నేను. ఎక్స్‌రే తీశారు, రక్తం చూశారు. క్షయ కాదన్నారు, కడుపులో పుండు లేదన్నారు. డాక్టరమ్మ నా పుస్తకం పేజీ పేజీ తిప్పి చూసింది. తర్వాత మమ్మల్ని ఒకటే ప్రశ్న అడిగింది. ఈ పిల్ల అన్నం తింటుండగా మీలో ఎవరు చూశారు, ఎప్పుడు?

నాయన అమ్మ వైపు చూశాడు. తినే ఉంటుందని, తాను పనిలో ఉండి చూడలేదని అమ్మ అంది. నేను పుస్తకం వైపు చూశాను. అందులో ఆ గడి లేదు. మా ఇంట్లో మగవాళ్ళం ముందు తింటాం. ఆడవాళ్ళు అందరి తర్వాత వంటింట్లో, ఒక్కొక్కరు ఒక్కో వేళ, పని మధ్యలో తింటారు. వాళ్ళు తినడం నేను పుట్టి బుద్ధెరిగాక చూసిన గుర్తు లేదు.

ఈ జబ్బు కడుపులో లేదనీ, మనసులో మొదలై ఒంటిని పట్టిందనీ డాక్టరమ్మ చెప్పింది. ఒక్కపొద్దులు మాన్పించమంది. తిట్టొద్దు, బతిమాలొద్దు, బరువు ఆమె ముందు చెప్పొద్దు అంది. ఒకేసారి ఎక్కువ పెడితే ప్రమాదమనీ, పాలు, గంజి, మెత్తటి అన్నం కొంచెం కొంచెంగా పెంచాలనీ, పూటపూటా ఎవరైనా పక్కన కూర్చుని తామూ తినాలనీ చెప్పింది. ప్రతి వారం తీసుకురమ్మంది. ఇంకా తగ్గితే చేర్చుకుంటానంది. నాయనను పక్కకు పిలిచి, గుండె బాగా నీరసించిందని, బతుకుతుందని ఇప్పుడే చెప్పలేనని అంది.

కారణం ఏమిటని నేను అడిగాను. మీరేమనుకుంటున్నారని ఆమె తిరిగి అడిగింది. బస్సులో కూర్చుని తోచిన కారణాలు రాసుకున్నాను. చెల్లెలిని బడి మాన్పించడం. మా ముసలవ్వ చివరి రోజుల్లో ఏమీ మింగలేకపోతే ఈ పిల్లే చెంచాతో పోస్తూ ఉండటం. చుట్టాలావిడ ఎవరో ఒళ్ళు చేశావని నవ్వడం. మేమంతా మెచ్చుకోవడం. ఏ ఒక్కటీ సరిపోలేదు. బడి మానిన పిల్లలు మా వీధిలోనే ఎందరో ఉన్నారు, వాళ్ళు తింటూనే ఉన్నారు.

సెలవు పెట్టి వంటింట్లో కూర్చున్నాను. నాయన తిని చేయి కడుక్కున్నాక, అమ్మతో, చెల్లెలితో నా కంచం. నాయన నడవలోంచి, "ఏమప్పా ఓవర్సీరూ, వంటింట్లో ఏం కట్టడం కడుతాండావు?" అన్నాడు. నేను కంచం ముందుకు లాక్కున్నాను.

మొదటి రోజు చెల్లెలు నాలుగు మెతుకులు ముట్టింది. నన్ను కంగారు పెట్టింది మాత్రం అమ్మ. సంగటి అంతా మాకు పెట్టి, గిన్నె అడుగున అంటుకున్న మాడు గోక్కుని, దాంట్లో మజ్జిగ పోసుకుని నిలబడే తాగేసింది. ఎప్పుడూ ఇంతేనా అని అడిగాను. సాలదా అబ్బీ, నాకెంత కావాలంటూ పొయ్యి వైపు తిరిగింది. జబ్బు ఎక్కడ మొదలవుతుందో, అలవాటు ఎక్కడ ఆగుతుందో అప్పటినుంచి నాకు తెలియకుండా పోయింది.

మూడో రోజు చెల్లెలు నాతో, "నా చేతినే సూస్తాండావు. నీ కంచం సూసుకో అన్నా," అంది. సిగ్గుపడి తల దించుకున్నాను. కాసేపటికి మెల్లగా, ఎందుకు తినవని అడిగాను.

"నాకూ తెలీదు. తింటే తప్పు జేసినట్టుంటాది. తినకుంటే ఆ దినం పని ముగిసినట్టుంటాది."

పని ముగిస్తే ఎలా ఉంటుందో నాకు తెలుసు. తక్కినది ఇప్పటికీ తెలియదు.

ఆరో రోజు అమ్మ గిన్నె గోకబోతుంటే చెల్లెలు ఆమె చెయ్యి పట్టుకుంది. తన కంచంలోని మెత్తటి అన్నాన్ని రెండు భాగాలు చేసి ఒకటి అమ్మ ముందు పెట్టింది.

"కూసో. నువ్వు తింటేనే నేను తినేది."

అమ్మ నా వైపు చూసింది, నడవ వైపు చూసింది. నాయన మజ్జిగ అడగడానికి వచ్చి గుమ్మంలోనే ఆగాడు. అమ్మ కూర్చుంది. ఇద్దరూ గోడ వైపు తిరిగి తిన్నారు. అమ్మ ఆగినప్పుడల్లా చెల్లెలు ఆగింది. తన తిండి తగ్గించుకోవడానికి సగం పంచిందా, అమ్మ మీద దిగులుతో పంచిందా అని నేను ఆలోచిస్తూనే ఉన్నాను. నాయన కుండ దగ్గరికి పోయి తన మజ్జిగ తానే ముంచుకున్నాడు.

మరునాడు జమ్మలమడుగుకు పోయాం. డాక్టరమ్మ చెల్లెలిని అంకె కనపడకుండా వెనక్కి తిప్పి కాటా మీద నిలబెట్టి, చీటీలో రాసి మడిచింది. ఈ వారం చేర్చనక్కరలేదు, మళ్ళీ వారం తీసుకురండి అంది. నాయన ఇంకేమైనా చెబుతుందేమోనని నిలబడ్డాడు. ఆమె తర్వాతి రోగిని పిలిచింది. బయట చెల్లెలు అమ్మ భుజం పట్టుకుని, రెండు మెట్లకొకసారి ఆగుతూ దిగుతోంది.