చివరి వరుస, నడిమి సీటు

విమానం ఇంకా కదలకముందే ఒక అమ్మాయి వచ్చి పట్టకారుతో వేడి తువ్వాలు తీసి నా అరచేతిలో పెట్టింది. మొహం తుడుచుకుందామని దగ్గరికి తెచ్చుకున్నాను. తడి పూర్తిగా ఆరని దుప్పటి మీద బొగ్గుల ఇస్త్రీపెట్టె ఆనించినప్పుడు వచ్చే వాసన! ఆ ఆవిరిలో తెనాలి కాలవగట్టు వీధి, మా పక్కింటి భ్రమరాంబ పిన్నిగారు, ఆవిడ దగ్గరుండి ఇస్త్రీ చేయించిన విడిది దుప్పట్లు ఒక్కసారిగా కళ్లముందుకొచ్చాయి. తువ్వాలు చల్లారిపోయేదాకా ముక్కు దగ్గరే పెట్టుకుని కూర్చున్నాను. పక్క సీటాయన నన్ను వింతగా చూశాడు. చూడనీ అనుకున్నాను.

నాకు డెబ్బై నాలుగేళ్లు. తెనాలిలో ఆడపిల్లల బడిలో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. జ్ఞాపకమున్నంతే రాస్తాను, లేనిది కలపను. నన్ను ఆ బిజినెస్ క్లాసులో లండన్ తీసుకెళ్తున్నది మా అక్క మనవరాలు హారిక. విమానాల్లో సీట్లు, క్యాబిన్ ఎలా ఉన్నాయో పరీక్షించి చెప్పే కంపెనీలో దానికి ఉద్యోగం. ఒక విమాన సంస్థ, పేరు రాయను, దూరప్రయాణాల విమానం ఒకదానిలో కొత్త సీట్లు బిగించింది. మిగతా విమానాలకు కూడా అవే బిగించే ముందు డెబ్బై దాటినవాళ్ల చేత కూడా చూపించమని అడిగింది. హారిక తన సంతకంతో ఇవ్వబోయే మొదటి నివేదిక అది.

"మా సార్ సీటు బ్రహ్మాండంగా ఉందని వాళ్లకి ముందే చెప్పేశారు అమ్మమ్మా. నువ్వు హాయిగా పడుకుని లేస్తే చాలు" అన్నది. పడుకుని లేవడంలోనే నాకు శిక్షణ అయిందని దానికి తెలియదు.

భ్రమరాంబ పిన్నిగారి భర్త రైల్వేలో గుమాస్తా. ఆవిడకు పిల్లలు లేరు. పొట్టి మనిషి, పెద్ద గొంతు. ఆ రోజుల్లో పెళ్లికొడుకు తరఫువాళ్లు దిగడానికి ఆడపిల్లవాళ్లు ఒక ఇల్లు చూసి సిద్ధం చేసేవారు. అదే విడిది. పెళ్లిలో ఏ గొడవ వచ్చినా అక్కడే మొదలయ్యేది. అందుకని మా చుట్టుపక్కల ఎవరింట పెళ్లి కుదిరినా "పిన్నిగారూ, విడిది ఒకసారి చూసి పెట్టాలండీ" అని వచ్చేవారు. ఆవిడ చీర మార్చుకుని మా గుమ్మంలో నిలబడేవారు. "అమ్మాయిని పంపించండి వదినా" అని మా అమ్మని అడిగేవారు. కాలేజీలో చేరిన ఏడాది నేను బాగా పొడుగయ్యాను. "నీకు చాలిన మంచం ఎవరికైనా చాలుతుందే. అందుకే నువ్వు" అని నవ్వేవారు. అలా నేను మంచాలు పరీక్షించే మనిషినయ్యాను.

మొదటిసారి రేపల్లె వెళ్లాం. ధాన్యం వ్యాపారం చేసే ఒకాయన కూతురి పెళ్లి. ఆయన మమ్మల్ని సంబరంగా ముందుగదిలోకి తీసుకెళ్లబోయాడు. కొత్త పరుపు, నిలువుటద్దం, టేబుల్ ఫ్యాను. పిన్నిగారు గుమ్మం కూడా దాటలేదు.

"పెళ్లికొడుక్కి మంచి గది ఎవరైనా ఇస్తారు అన్నయ్యగారూ. అందరికంటే చివరగా దిగేవాళ్లకి ఏది మిగుల్తుందో అది చూపించండి."

అది పెరటివైపు వసారాలో గోడకు ఆనించిన నవారు మంచం. పిన్నిగారు నన్ను పడుకోమన్నారు. పడుకుని, బాగానే ఉందని లేవబోయాను.

"లేవకు! అప్పుడే ఏం చూశావని? పక్కకి తిరుగు. ఇప్పుడు నువ్వు పెళ్లికొడుకు మేనత్తవి. మోకాళ్ల నొప్పులు. రైల్లో కూర్చోవడానికి చోటివ్వలేదని కోపంగా కూడా ఉన్నావు. ఎవర్నీ లేపకుండా, ఎవర్నీ పిలవకుండా లేచి బయటికెళ్లి రా."

నవారు దిగి ఉంది. నడుము గుంటలో కూరుకుపోయింది. గోడవైపు పట్టుకోవడానికేమీ లేదు. రెండోవైపు ఇంకో మంచం. నేను చేపపిల్లలా కొట్టుకుంటుంటే ఆ వ్యాపారి పడీపడీ నవ్వాడు. తరవాత నవ్వు ఆపి తనే ఒకసారి పడుకుని చూశాడు. ఆ సాయంత్రమే నవారు బిగించి, మంచం గోడకు దూరంగా జరిపించాడు. నాకు బహుమానంగా జిలేబీ పొట్లం దొరికింది. ఇంత సరదా అయిన పని లోకంలో మరొకటి ఉండదనిపించింది.

కాని ఆ పనిలో సరదా ఒక్కటే లేదని బాపట్లలో తెలిసింది. అక్కడొక ప్లీడరుగారు తన మేడంతా విడిదికి ఇచ్చారు. పాలరాతి నేల, గదిగదికీ స్నానాల గది. నేను మురిసిపోయాను. పిన్నిగారు మెట్లు ఎక్కి, దిగి, అడిగారు.

"పెళ్లికొడుకు నాయనమ్మగారు ఈ మెట్లు ఎలా ఎక్కుతారండీ?"

"ఎవరో ఒకరు పట్టుకుని ఎక్కిస్తారు."

"దిగేటప్పుడు? పొద్దున? మళ్లీ మధ్యాహ్నం?"

ప్లీడరుగారి మొహం ఎర్రబడింది. "ఊళ్లో ఇలాంటి మేడ ఇంకోటి చూపించమ్మా చూద్దాం! తప్పులు వెతకడానికే వచ్చావా ఏంటి?" అని గట్టిగా అరిచారు. నేను ఇంక వెళ్లిపోదామని పిన్నిగారి కొంగు లాగాను. ఆవిడ కదల్లేదు.

"తప్పులు వెతకడానికే వచ్చాను బావగారూ. ఎంత కోపముంటే అంతా ఇప్పుడు నామీద చూపించండి. నేను మీ మనిషిని, పడతాను. ఎల్లుండి మగపెళ్లివారి మీద చూపించలేరు కదా" అన్నారు.

ఆయన మెట్లవైపు ఒకసారి చూశారు. తరవాత కింద క్లయింట్లు కూర్చునే గది ఖాళీ చేయించారు. పెళ్లిలో ఆ నాయనమ్మగారు కిందిగదిలో దర్జాగా కూర్చుని, వచ్చేపోయేవాళ్లందరినీ పలకరిస్తూ కాఫీ మీద కాఫీ తెప్పించుకున్నారు. ప్లీడరుగారు ఆ ఏర్పాటు తన ఆలోచనేనని అందరికీ చెప్పుకున్నారు. నాకు ఒళ్లు మండింది. పిన్నిగారు మాత్రం "చెప్పుకోనీవే, గది ఉంది కదా" అని ఇంకో గారె వేయించుకున్నారు.

అందుకే విమానంలో హారిక నాకు ముందువరుసలో కిటికీ సీటు ఇప్పిస్తే ఆనందంగా కాసేపు కూర్చున్నాను. అబద్ధమెందుకు, బటన్లన్నీ నొక్కాను! తలుపు జరిపితే చిన్న గది అయిపోయింది. కళ్లజోడుకి వేరే అర, చదువుకోవడానికి వేరే దీపం. భోజనం బల్ల ఒంటికాలి మీద నిలబడినా గ్లాసులో నీళ్లు తొణకలేదు. సీటు నిదానంగా చాచుకుని మంచమైతే నాకు చిన్నపిల్లలా కేరింత వచ్చింది. ఇవన్నీ హారికకు చెప్పి, రాసుకోనిచ్చి, అప్పుడు అడిగాను.

"ఇప్పుడు నన్ను ఈ క్లాసులోనే అందరికంటే చివరి వరుసలో, నడిమి సీటుకి మార్పించు."

"అయ్యో, అది ఎవరూ తీసుకోరు అమ్మమ్మా!"

"అందుకే."

అక్కడ కాళ్లు పెట్టే చోటు ముందు సీటు కింద ఇరుకు పెట్టెలా ఉంది. వెల్లకిలా పడుకుంటే హాయే. పక్కకి తిరిగాను. మోచెయ్యి బటన్‌కి తగిలి మంచం తనంతట తాను లేవడం మొదలుపెట్టింది! ఎలాగో ఆపాను. మళ్లీ పడుకుని, ఎవర్నీ పిలవకుండా లేవాలని చూశాను. రెండువైపులా నున్నటి గోడలు. చెయ్యి పట్టడానికి ఎక్కడా ఏమీ లేదు. మోకాలు మడుద్దామంటే పెట్టె అడ్డం. తువ్వాలు ఇచ్చిన అమ్మాయే వచ్చి లేపింది. "ఎప్పుడు కావాలన్నా పిలవండి మేడమ్" అన్నది. మంచి పిల్ల. కాని పిలవాల్సి రావడమే కదా తప్పు.

విన్న హారిక మొహం చిన్నబోయింది. "దీన్ని చివర్లో చిన్న విషయంగా రాస్తే సరిపోదా? మా సార్ మాట పోతుంది. ఆ తరవాత నాకు ఇలాంటి పని ఇంక ఇవ్వరు అమ్మమ్మా."

అప్పుడు దానికి బాపట్ల మేడ సంగతి చెప్పాను. అది నవ్వలేదు. లేచి ఆ చివరి సీట్లో పడుకుంది. నేను దాని తల దగ్గర నిలబడ్డాను.

"నువ్వు మేనత్తవి. మోకాళ్ల నొప్పులు. మోకాలు మడవకుండా లే."

"కోపంగా కూడా ఉన్నానా?"

"మహా కోపంగా ఉన్నావు."

రెండుసార్లు ప్రయత్నించి వెనక్కి పడింది. మూడోసారి నా చెయ్యి అడిగింది. నేను ఇవ్వలేదు. అలాగే కాసేపు పైకప్పు చూస్తూ పడుకుని, "మొదటి పేరాలోనే రాస్తాను" అన్నది.

లండన్ హోటల్లో ఉండగా వాళ్ల సార్ ఫోన్ చేశాడు. నివేదిక చదివినట్టున్నాడు, ఆ కేకలు నాకూ వినిపించాయి. హారిక మాత్రం మాట మార్చలేదు. "అన్ని విమానాల్లో బిగించాక చెబితే వాళ్లకి ఏం లాభం సార్? కోపముంటే నన్ను అనండి సార్, పడతాను" అన్నది. పిన్నిగారిని చూడని పిల్ల. నేను కిటికీవైపు తిరిగి కళ్లు తుడుచుకున్నాను.

నివేదిక మారకుండానే వెళ్లింది. మర్నాడు ఆ విమాన సంస్థ ఆఫీసులో నమూనా సీటు ఒకటి ఉంచారు. సీటు తయారుచేసిన ఇంజనీరు, తెల్లగడ్డం ఆయన, నన్ను పడుకుని చూపించమన్నాడు. పడుకున్నాను. ఎక్కడ పట్టు కావాలని అడుగుతూ, పిడి బదులు తన ముంజేతిని నా భుజం పక్కన అడ్డంగా పెట్టాడు. నేను దాన్ని కిందికి, మోకాలికి ఎదురుగా జరిపాను. అది పట్టుకుని ఒక్క ఊపున లేచి కూర్చున్నాను. ఆయన చెయ్యి కదపకుండా, ఇంకో చేత్తో జేబులోంచి పెన్సిలు తీసి సీటు గోడ మీద అక్కడ గీత గీశాడు. హారిక ఆ గీతనే చూస్తూ ఉండిపోయింది.

పిన్నిగారు పోయి చాలా ఏళ్లయింది. గుంటూరు దాటి వెళ్లి ఎరగరు. ఆవిడ నేర్పిన పని ఇప్పటికీ మానలేదు. ఎవరైనా కొత్తిల్లు చూపిస్తే చివరి గదిలోకే ముందు వెళ్తాను, పడుకుంటాను, తిరుగుతాను, తోచింది మొహం మీదే చెబుతాను. ఒకప్పుడు మేనత్తగా నటించాల్సి వచ్చేది. ఇప్పుడు ఆ అవసరం లేదు, మోకాళ్లు నావే.