లుంగీలో వాకబు

ఆ రోజుల్లో ఎండలు ముదిరితే ఇళ్ళలో ఆవకాయ పనులూ, నాచారం కార్ఖానాల్లో కరెంటు కోతలూ ఒకేసారి మొదలయ్యేవి. ఎనభైల చివర్లో నేను మోటారు పంపుల విడిభాగాలు చేసే ఓ చిన్న కార్ఖానాలో డ్రాయింగులు గీసే ఉద్యోగంలో ఉండేవాణ్ణి. యజమానిని అందరం అన్న అనేవాళ్ళం. వచ్చే కాస్త కరెంటూ లేతు మిషన్లకే చాలదని ఆ వేసవిలో ఆయన ఆఫీసు గదిలో ఫ్యాన్లు ఆపించాడు. "మిషన్‌కు చెమట తుడుసుకొనుడు రాదు, మీకొస్తది. జర పల్సటి బట్టలేసుకొని రాండ్రి" అన్నాడు. మొదట్లో పొట్టి చేతుల చొక్కాలతో సరిపెట్టుకున్నాం. తర్వాత ఆ చొక్కాలు గోడ మేకులకెక్కాయి. రోహిణి కార్తె వచ్చేసరికి ప్యాంట్లు కూడా వాటి పక్కకు చేరి, ఆఫీసంతా లుంగీలూ బనియన్లూ అయిపోయింది (అందరికన్నా ముందు లుంగీ కట్టింది అన్నే, అందుకని మాకూ సిగ్గు లేకపోయింది).

సరిగ్గా అప్పుడే మల్కాజిగిరిలో ఉండే ఓ రైల్వే ఉద్యోగి కూతురితో నాకు సంబంధం మాట్లాడుతున్నారు. ఆ అమ్మాయి ఫోటో చూసినప్పటి నుంచి నా గీతలు వంకర పోతున్నాయి. చేసుకుంటే ఆ పిల్లనే చేసుకోవాలనుకున్నాను. పెళ్ళిచూపులకు ముందు ఆడపిల్లవాళ్ళు చెప్పాపెట్టకుండా అబ్బాయి పనిచేసే చోటికి వచ్చి వాకబు చేయడం మామూలే. కానీ అంత మండుటెండలో ఎవరొస్తారులే అని ధీమాగా ఉన్నాను.

వచ్చారు. టెరికాట్ సఫారీ సూటు, బూట్లు, ఎండకు కందిపోయిన మొహం. మిగతావాళ్ళు భోజనాలకు వెళ్ళడంతో గదిలో నేనొక్కణ్ణే ఉన్నాను. మల్కాజిగిరి నుంచి వస్తున్నానని, నా పేరే చెప్పి, ఉన్నాడా అని అడిగారు. నా ప్యాంటు ఆయన తల వెనకాలే మేకుకు వేలాడుతోంది. అతను బయటికెళ్ళాడండీ అనేశాను.

"పోనీ మీరు చెప్పండి బాబూ. మనిషి ఎలాంటివాడు?" అంటూ కుర్చీలో కూర్చున్నారు.

నన్ను నేనే పొగుడుకోవడానికి నోరు రాలేదు. మరీ తీసిపారేస్తే పిల్ల చేజారుతుంది. పని బాగానే చేస్తాడండీ, పొద్దున్నే లేవడానికే బద్ధకం అన్నాను. అలవాట్లు అడిగితే, సిగరెట్టు లేదుగానీ టీకి అంతూ పొంతూ లేదన్నాను. కోపం సంగతి అడిగితే, ఆకలేసినప్పుడు వస్తుంది, తిన్నాక పోతుంది అన్నాను. ఆయన తలూపుతూ విన్నారు. గట్టెక్కాననుకుంటుండగా అన్న లుంగీ ఎగ్గట్టుకుని, నన్ను పేరుపెట్టి పిలుస్తూ లోపలికొచ్చాడు.

పెద్దాయన జేబులోంచి నా ఫోటో తీశారు (అందులో నేను అరువు టై కట్టుకుని ఉన్నాను). ఒకసారి దానివైపు, ఒకసారి నా చిల్లుల బనియను వైపు చూశారు. సంబంధం పోయిందని నాకు ఏడుపొక్కటే తక్కువ. అన్న మాత్రం ఇవేవీ పట్టకుండా, ఫ్యాన్లు ఎందుకు బంద్ చేసిందీ, మిషన్లు ఎట్ల నడుస్తున్నదీ గొప్పగా చెప్పుకుపోయాడు. పెద్దాయన చెమట తుడుచుకుంటూ అంతా విని, చివరికి మెల్లగా అడిగారు.

"ఇంకో లుంగీ ఏమైనా ఉందాండీ?"

కాసేపటికి ఆయన సఫారీ నా ప్యాంటు పక్కన మేకుకెక్కింది. ముగ్గురం బనియన్లతో కూర్చుని మజ్జిగ తాగాం. ఆయన రైళ్ళ గురించి చెప్పారుగానీ పెళ్ళి మాట ఎత్తనేలేదు. ఆ సాయంత్రం ఇంటికెళ్ళి కూతురితో ఏమన్నారో పెళ్ళయ్యాక మా ఆవిడ చెప్పింది.

"అబ్బాయిలో ఉన్న లోపాలన్నీ అతని నోటితోనే విన్నానమ్మా. ఇంకెవర్నీ అడగక్కర్లేదు."

మా మామగారు ఇప్పుడు లేరు. నేను ఏసీ గదిలో స్వెట్టరు వేసుకుని, పెద్ద హోదాలో కూర్చుంటున్నాను. ఎవరైనా వచ్చి నేనెలాంటివాణ్ణని నన్నే అడిగితే, అంత సూటిగా చెప్పగలనా? ఒంటిమీద ఇన్ని బట్టలుంటే కష్టమేననిపించి, నాలో నేనే నవ్వుకుంటాను.