చెక్కకి అవతల పాత కంప్యూటరు

ఆ ఉదయం ఎప్పటిలాంటిదే. రాజోలులో మా ఇంటి వాకిలి కడిగి, ముగ్గేసి, దీపం పెట్టుకుని లలితా సహస్రనామం చదువుకుంటున్నాను. వంటింట్లో డికాషన్ దిగుతోంది. పెరట్లో కొబ్బరి దింపేవాళ్ళు ఒకళ్ళనొకళ్ళు కేకలేసుకుంటున్నారు. నా చేతిలో ఉన్నది అచ్చుపుస్తకం కాదు, పెద్ద పెద్ద అక్షరాల కాగితాలు. నాకు చూపు తగ్గిందని మా పెద్ద తమ్ముడు తన కంప్యూటర్లో కొట్టి ఇచ్చినవి. సగంలో ఉండగా ఫోను మోగింది. చిన్న తమ్ముడు.

“అక్కా, అన్నయ్య పోయేడక్కా.”

వాడి నోట ‘అన్నయ్య’ అన్న మాట విని ఏళ్ళయింది. నాతో మాట్లాడితే ‘మీ పెద్ద తమ్ముడు’ అనేవాడు. పెద్దవాడూ అంతే, ‘మీ చిన్న తమ్ముడు’ అనేవాడు. ఇద్దరూ నాకే చుట్టాలు, వాళ్ళకి వాళ్ళు ఏమీ కారు అన్నట్టు. తెల్లవారుతూ గుండెల్లో నొప్పన్నాడట. ఆటో వచ్చేలోగా అయిపోయింది.

మైల కనుక ఇక చదవకూడదు. కాగితాలు గూట్లో పెట్టి, దీపం కొండెక్కేదాకా అక్కడే కూర్చున్నాను.

మా కోనసీమలోకి కంప్యూటర్లు అప్పుడప్పుడే వస్తున్న రోజుల్లో తమ్ముళ్ళిద్దరూ అమలాపురంలో, పెద్దవాడి ఇంటి వీధిగదిలో డీటీపీ కొట్టు పెట్టారు. శుభలేఖలు, కరపత్రాలు, కర్మ కార్డులు కొట్టేవారు. పెద్దవాడు కాళ్ళు కడుక్కుని, మోనిటరుకి బొట్టు పెట్టి, అప్పుడే మీట నొక్కేవాడు. మా వైపు చెమ్మగాలికి ఫ్లాపీలు బూజుపడతాయని పాత బిస్కట్ల డబ్బాలో అడుగున బియ్యం పోసి, పైన వాటిని పేర్చేవాడు. నెలనెలా ఆ బియ్యం మార్చడం మా మరదలి పని.

ఒకసారి కొట్టిన శుభలేఖని వాడు పారేయలేదు, ఫ్లాపీలో దాచేవాడు. ఉప్పలగుప్తం నుంచి ఎవరో రెండో అమ్మాయి పెళ్ళికని వస్తే, “పెద్దమ్మాయి పత్రిక నా దగ్గరుందండి. తాతగారు కులాసాయేనాండీ?” అని అడిగేవాడు. అవతలివాళ్ళు తలదించుకుంటే, మరో మాట లేకుండా ఆ పేరు ముందు ‘కీర్తిశేషులు’ చేర్చేవాడు.

కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ వచ్చాక గొడవ మొదలైంది. మస్కట్‌లో కొన్నాళ్ళు పనిచేసి వచ్చిన చిన్నవాడు, దానికి మారాలని పట్టుబట్టాడు.

“ఆషాఢంలో బేరాలుండవు కదన్నయ్యా, ఇప్పుడే మార్చేద్దాం.”

“ఆషాఢంలో ఎవడైనా కొత్త పని మొదలెడతాడేంట్రా?”

“పోనీ శ్రావణంలో?”

“శ్రావణంలో పెళ్ళిళ్ళు నెత్తిమీద పెట్టుకుని మిషను విప్పుకుని కూర్చుంటామేంటి?”

ఏటా ఇదే మాట, ఇదే జవాబు. చివరికి ఒక ఆషాఢంలో పెద్దవాడు భార్యనీ కూతురినీ తీసుకుని అప్పనపల్లి దర్శనానికి వెళ్ళినప్పుడు, చిన్నవాడు మార్చేశాడు. సాయంత్రం పెద్దవాడు వచ్చి చూస్తే, తెలుగు కొట్టే పాత ప్రోగ్రాం అందులో పనిచేయడం లేదు. ఏ శుభలేఖ తెరిచినా చిన్నచిన్న గళ్ళు. పేర్లే లేవు.

“మళ్ళీ కొట్టుకుందాంలే అన్నయ్యా.”

“ఏం చూసి కొడతావురా? ఇందులో సగం మంది ముత్తాతల పేర్లు వాళ్ళిళ్ళల్లోనే ఎవరికీ గుర్తులేవు.”

“నువ్వు మారవు. ఊళ్ళో నిన్ను చూసి నవ్వుతున్నారు, తెల్సా?”

మర్నాడు పెద్దవాడు వడ్రంగిని పిలిచి గది మధ్యన ప్లైవుడ్ చెక్క కొట్టించాడు. మలికిపురంలో ఒక కొబ్బరి వ్యాపారి తీసేసిన పాత కంప్యూటరు తెచ్చి, బియ్యం డబ్బాలోని ఫ్లాపీలతో తన వైపు మళ్ళీ మొదలుపెట్టాడు. గుమ్మం ఒకటే, బోర్డులు రెండు.

అప్‌డేట్లంటూ కొత్త మిషను పని మధ్యలో దానంతటదే ఆగి మళ్ళీ మొదలయ్యేది. అప్పుడు పెద్దవాడు తన బేరంతో గట్టిగా అనేవాడు: “అవతలి దొరగారికి నిద్దరొచ్చిందంటండి. లేచేదాకా ఎవరూ దగ్గకండి.” చెక్క వెనకనుంచి జవాబు వచ్చేది: “అక్కడ బియ్యం ఏరుతున్నారండీ, మీ పెళ్ళి అయిపోద్ది. ఇటు రండి.” జనం నవ్వేవారు. వాళ్ళిద్దరూ నవ్వేవారు కాదు.

నేను వెళ్ళి ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పాను. ఇద్దరూ ‘ఆయ్’ అన్నారు. ఇద్దరూ వినలేదు. “అడక్కుండా ఇంట్లోకొచ్చి సామాన్లు సర్దేవాణ్ణి చుట్టం అనరక్కా,” అన్నాడు పెద్దవాడు, చిన్నవాడు లేచి తన వైపుకి వెళ్ళాక. కొత్త సిస్టమ్ గురించే అన్నాడనుకున్నాను. చెక్క అవతల చిన్నవాడి కీబోర్డు చప్పుడు ఆగిపోయింది.

పూజ చేసుకునేదాన్ని, ఒక వస్తువు మీద ద్వేషం ఉందని రాయడం బాగోదు. అయినా ఉంది. ఇప్పటికీ ‘అప్‌డేట్’ అన్న మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది.

మూడోరోజు సంచయనం అయ్యాక సాయంత్రం, అమలాపురంలో పెద్దవాడింట్లో పెద్దకర్మ కార్డు మాట వచ్చింది. పెద్దవాడికి కొడుకులు లేరు, కర్మ చేస్తున్నది చిన్నవాడే. రంగుల ఫొటోతో కార్డు తన మిషనులో చేస్తానన్నాడు.

లోపలి గుమ్మంలోంచి మా మరదలు అంది: “మరిదిగారూ, మీ దాంట్లో ఆయన పేరు కొట్టకండి. మీకు దణ్ణం పెడతాను.”

“వదినా, పాతదాంట్లో ఫొటో రాదండి. అన్నయ్య ఫొటో లేకుండా కార్డేంటండీ?”

“బతికుండగా మొహం చూడ్డానికి చెక్క తియ్యలేదు. ఇప్పుడు ఫొటో కావలిసొచ్చిందాండీ?”

వాడు నా వంక చూశాడు. “నువ్వు చెప్పక్కా.”

“ఫొటో వద్దు. వాడి మొహం ఎరగనివాళ్ళకి మనం కార్డులు పంపం,” అన్నాను.

వాడు కాళ్ళు కడుక్కుని చెక్కకి ఆ వైపు వెళ్ళాడు. పాత మిషను మీద గుడ్డ తీశాడు. మోనిటరు మీద బొట్టు ఇంకా ఉంది. మా మరదలు బియ్యం డబ్బా తెచ్చి ఇచ్చింది. మా నాన్నగారి పెద్దకర్మ కార్డు తెరుచుకుంది, అక్షరం చెదరలేదు. చివర్న ‘ఇట్లు’ కింద ఇద్దరి పేర్లూ పక్కపక్కన ఉన్నాయి. చిన్నవాడు అన్నయ్య పేరు అక్కడినుంచి తీసి, పైన నాన్నగారి పేరున్న చోట పెట్టాడు. కింద తన పేరు పక్కన ఖాళీలో గీత ఒకటి వెలిగి ఆరుతోంది.

అవతల కొత్త మిషను టింగుమంది. చెక్క పక్కనుంచి అటు తొంగి చూశాను. అప్‌డేట్ వచ్చింది, ఇప్పుడే ఆపి మొదలెట్టమంటారా అని అడుగుతోంది. చిన్నవాడు లేచి వెళ్ళి గోడ దగ్గర ప్లగ్గు పీకేశాడు.

పెద్దకర్మ అయ్యేదాకా దాన్ని వెలిగించకూడదని ఆ సాయంత్రం అందరం అనుకున్నాం.