ఢిల్లీకి రాసింది చిత్తూరులో అమలైంది

పోయిన మంగళవారం పొద్దున నేను ప్రెస్సు తలుపు తీస్తుండగా చర్చి గంట మోగింది. ఆదివారం కాని రోజున ఆ గంట ఆగి ఆగి మోగిందంటే ఎవరో పోయారని చిత్తూరులో మా వీధివాళ్ళందరికీ తెలుసు. తాళంచెవి చేతిలో పట్టుకొని అట్లాగే నిలబడ్డాను. ఎదురుగా వస్తున్న పాలాయన సైకిలు దిగి, "మీ సోషల్ సార్ పోయినాడంటన్నా. నిద్దర్లోనే. నిన్న సాయంత్రం గూడా నాతో నీళ్ళపాలని కొట్లాడినాడు" అన్నాడు. ఆ మాటకు నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. చివరిరోజు దాకా ఎవరో ఒకరిని నిలదీయకుండా ఉండలేదన్నమాట మా సార్.

సార్ మిషన్ హైస్కూల్లో మాకు సోషల్ చెప్పారు. చర్చిలో సంఘానికి సెక్రటరీ కూడా ఆయనే. మేం క్రైస్తవులం కాము. మా నాయనది బజారువీధిలో బెల్లం మండీ. అయినా మా అన్నదమ్ములం నలుగురం ఆయన దగ్గరే చదువుకున్నాం, నలుగురం ఆయన చేత తిట్లు తిన్నాం. తరగతిలో ఎవరైనా ప్రశ్న అడగడానికి లేస్తే, కుర్చీలో ఉన్న సార్ కూడా లేచేవారు. "అడిగినోడు నిలబడి ఉంటే బదులు చెప్పేవాడు కూర్చోకూడదప్పా" అనేవారు. ఆయన్ని లేపి నిలబెట్టడానికే మేం అక్బరు మీద అక్కరలేని ప్రశ్నలన్నీ అడిగేవాళ్ళం. ఆయనకు ఆ సంగతి తెలుసు. తెలిసీ లేచేవారు.

మనిషి పొట్టి, పంచె మీద కోటు, నున్నటి బట్టతల. ఆ బట్టతలతో తిరుపతి బస్సెక్కితే ప్రతిసారీ ఒకటే కథ. పక్కన కూర్చున్నవాళ్ళు ఆయన తల చూసి, "దర్శనం బాగా అయినాదా స్వామీ? గుండు శానా నున్నగా కొట్టినాడే మంగలి!" అని మెచ్చుకునేవాళ్ళు. "నాకు దేవుడే కొట్టినాడప్పా, కత్తి లేకుండా" అనేవారు సార్. నమ్మినవాళ్ళు దండం పెట్టేవాళ్ళు, నమ్మనివాళ్ళు లడ్డు పెట్టేవాళ్ళు. ఆయన దండాన్ని తిరిగి పెట్టి, లడ్డును తినేవారు.

ఆయన గురించి చెప్పాలంటే నేను చెప్పేది ఎమర్జెన్సీ ఎత్తేసిన ఏడాది సంగతి. ఢిల్లీలో ప్రభుత్వం మారింది. జైళ్ళలోంచి వచ్చినవాళ్ళు ఒకవైపు, జైళ్ళకు పంపినవాళ్ళు ఒకవైపు, ఒకరి ముఖం ఒకరు చూసుకునేట్టు లేరు. అప్పుడు దేశంలోని చర్చిల పెద్దలు కూడి ఒక ఆలోచన చేశారు. అధికారంలో ఉన్నవాళ్ళూ లేనివాళ్ళూ ఒకచోట కూర్చొని మాట్లాడుకోవాలి, పరిపాలన బాగుపడాలి, అందుకు ఏమేం చేయాలో ప్రతి ఊరి సంఘమూ చర్చించి ప్రతిపాదనలు రాసి పంపాలి అని అన్ని చర్చిలకూ ఉత్తరాలు వేశారు. అన్నీ కలిపి ఢిల్లీలో అన్ని పార్టీలకూ ఇస్తారట. చిత్తూరు వైపు ఆ పని సార్ నెత్తిన పడింది. పడిందని ఊరికే అంటున్నాను, ఆయనే నెత్తి చాచి పట్టుకున్నారు.

మొదట తిరుపతిలో నాలుగు రకాల చర్చిలవాళ్ళ సమావేశం పెట్టారు. దేశంలో పార్టీలన్నీ ఒక బల్ల దగ్గర కూర్చోవాలని తీర్మానం చేయడానికి వచ్చినవాళ్ళు, మొదటి ప్రార్థన ఎవరు చేయాలన్న దగ్గరే అరగంట ఆగిపోయారట. చివరికి సార్ లేచి, "ముందు ఇడ్లీ తిందాం. ప్రార్థన ఆకలి తీరినాక కూడా దేవుడు వింటాడు" అన్నారట. తిరిగి వచ్చి ఈ కథ చెబుతూ ఆయనే పగలబడి నవ్వారు. "మన నలుగురికే ఇంత కష్టమైతే వాళ్ళను అనేదానికేముంది లేప్పా" అన్నారు.

ప్రతిపాదనలు తెలుగులో అచ్చువేసే పని, అప్పుడే కొత్తగా ప్రెస్సు పెట్టిన నాకిచ్చారు. మా నాయన భయపడ్డారు. "రాజకీయం కాగితాలు మనకేల రా? బెల్లం అమ్ముకునేవాళ్ళం, ఈగలకే జవాబు చెప్పుకోలేకుండాము" అన్నారు. సార్ మండీకి వచ్చి, బెల్లం దిమ్మె మీదే కూర్చొని నాయనకు ఆ కాగితమంతా చదివి వినిపించారు. నాయన అంతా విని, "ఇందులో తప్పేముండాది? ఇదంతా ఎప్పుడో సేసుండాల్సింది" అన్నారు. ఆ రోజు సార్ పంచెకంటిన బెల్లం మరకకు మా నాయన చాలాకాలం నొచ్చుకున్నారు.

అచ్చుకు కూడా తిప్పలు పడ్డాం. సీసపు అక్షరాలు ఒక్కొక్కటే పేర్చే రోజులవి. ప్రభుత్వం, ప్రతిపక్షం, ప్రజలు, ప్రశ్న, ప్రతిపాదన, వరసకు పది మాటలుంటే ఐదు 'ప్ర'తోనే మొదలు. అక్షరాలుంచే నా పెట్టెలో అన్ని 'ప్ర'లు లేవు. "సార్, ప్రభుత్వాన్నో ప్రతిపక్షాన్నో కొంచెం తగ్గించండి" అన్నాను. "ఎవర్నన్నా తగ్గించు, ప్రజల్ని మాత్రం తగ్గించొద్దు" అన్నారు. ఇక దారిలేక ప్రభుత్వం సంగతులు ఒక పేజీగా పేర్చి, అచ్చు తీసి, అక్షరాలు విప్పి, వాటితోనే ప్రతిపక్షం పేజీ పేర్చాను. సార్ చూసి తల పట్టుకున్నారు. "ఒకే బల్ల దగ్గర కూర్చోండని రాస్తే వీళ్ళు ఒకే పేజీలో కూడా ఇమడలేదే!"

ఆ రెండో పేజీలో నాలుగో మాట ఒకటుంది. ఎవరూ ఒకే పదవిలో రెండు తడవలకు మించి ఉండరాదు, ఎంత మంచివారైనా సరే, అని. సార్‌కు ఆ వాక్యమంటే ప్రాణం. 'ఎంత మంచివారైనా సరే' అన్నది తానే చేర్చానని నాతో రెండుసార్లు చెప్పారు.

పంపే ముందు సంఘం ఒప్పుకోవాలి. ఆదివారం ఆరాధనలో చదువుతానని, తప్పులుంటే అప్పటికప్పుడు దిద్దుకోవచ్చని ప్రూఫు పట్టుకొని నన్నూ రమ్మన్నారు. నేను వెనక బెంచీలో కూర్చున్నాను. ముందు పెండ్లి ప్రకటనలు, తరువాత వచ్చేవారం గుడి (చర్చిని వాళ్ళు గుడి అనే అంటారు) ఎవరు ఊడ్వాలి, నీళ్ళతొట్టి ఎవరు కడగాలి, ఆ వెంటనే ఢిల్లీ ప్రతిపాదనలు. సార్ తరగతిలో చదివినట్టు గొంతెత్తి చదివారు. "సమ్మతమైతే చేతులెత్తండి" అన్నారు. గుడి మొత్తం చేతులెత్తింది. సార్ ముఖం వెలిగిపోయింది.

అప్పుడు నా పక్కనే, వెనక చాప మీద నుంచి రూతమ్మవ్వ లేచింది. ఆస్పత్రి ముందర శనక్కాయలు అమ్ముకునే మనిషి.

"సార్, అయితే కొత్త సెక్రటరీ ఎవురు?"

"ఏ సెక్రటరీ అవ్వా?"

"మన గుడికే. రెండు తూర్లకు మించి ఉండకూడదని సదివినారు గదా. సేతులెత్తినాం గదా. మీరు ఆరు తూర్ల నుంచి ఉండారు."

సార్ నవ్వబోయారు కానీ నవ్వు రాలేదు. "అది మనకు కాదవ్వా. దేశానికి" అన్నారు.

"అట్లయితే ప్రకటనల్లో ఎందుకు సదివినారు?" అంది అవ్వ, నిజంగానే అర్థంకాక. "ప్రకటనల్లో సెప్పింది మేం ఎప్పుడన్నా సేయకుండా ఉండినామా? తొట్టి కడగమంటే కడిగినాం. సున్నం కొట్టమంటే కొట్టినాం."

పాస్టరు అయ్యగారు కల్పించుకొని, "అవ్వా, ఇది ఢిల్లీకి పంపే కాగితం" అన్నారు. "పంపండయ్యా, వద్దన్నానా? మనం సేసి పంపితే ఇంకా బాగుంటాది" అంది అవ్వ, కూర్చుంటూ.

సార్‌కు కోపం వచ్చింది. ఉన్నమాట దాచకూడదు కాబట్టి చెబుతున్నాను, బాగా వచ్చింది. ఆ పదవంటే ఆయనకు ఇష్టం. పద్దెనిమిదేళ్ళుగా ముందు బెంచీ చివరి చోటు ఆయనది, గుడి తాళాలు ఆయనవి. భార్య పోయిన తరువాత ఆ గుడి పనే ఆయనకు ఇల్లూ సంసారమూ. "నేను చేయకపోతే ఎవరు చేస్తారో చూస్తా" అని విసురుగా అనేసి కాగితాలు మడిచి వెళ్ళిపోయారు.

మూడు రోజులు ప్రెస్సు వైపు రాలేదు. నాలుగోరోజు మధ్యాహ్నం వచ్చారు. మర్నాటి టపాకు కాగితాలు పోవాలి.

"ఆ నాలుగో మాట తీసెయ్యప్పా" అన్నారు నన్ను చూడకుండా.

నేను ఆ వాక్యం అక్షరాలు ఒక్కొక్కటే తీసి పక్కన పెట్టసాగాను. ఆయన వెళ్ళలేదు. చూస్తూ నిలబడ్డారు. కాసేపటికి, "నువ్వేమంటావు?" అన్నారు.

"నేను అచ్చువేసేవాణ్ణి సార్. నేననేదేముంటుంది?"

"ఆరేండ్లు నీకు నేను నేర్పింది ఇదేనా?" అని కసిరారు. "అడుగు. అనాల్సింది అను."

చేతిలో 'పదవి' అక్షరాలున్నాయి. నాకు ధైర్యం ఎక్కడి నుంచి వచ్చిందో తెలీదు. "ఏమీలేదు సార్. ఢిల్లీలో వాళ్ళు కూడా అన్నీ ఒప్పుకొని ఈ ఒక్కమాటే తీసేయమంటారు" అన్నాను.

సార్ నావైపు చూశారు. తిడతారనుకున్నాను. ముందు పెదవులు, తరువాత భుజాలు, ఆ తరువాత బొజ్జ కదిలాయి. కంట్లో నీళ్ళు వచ్చేదాకా నవ్వారు. "పెట్టరా. తీసినవన్నీ మళ్ళీ పెట్టు. నన్ను తీసుకుపోయి ఢిల్లీలో కూర్చోబెట్టినావు గదరా!" అన్నారు. ఆ రోజుదాకా నన్ను 'అప్పా' తప్ప 'రా' అనలేదు. నాకదే పెద్ద బహుమానం.

కాగితాలు టపాలో పోయాయి. మూడు నెలలకు 'మీ ప్రతిపాదనలు అందినవి' అని ఒక కార్డు వచ్చింది. ఆ తరువాత ఇంకేమీ రాలేదు. ఢిల్లీలో ఎవరు ఎవరితో కూర్చున్నారో, ఎవరు ఎవరి కుర్చీ లాగారో పేపర్లలో మనమంతా చదివిందే. సార్ మాత్రం నిరాశపడలేదు. "అడిగినాం, అందిందన్నారు. రేపు ఇంకొకరు అడుగుతారు. అడిగేవాళ్ళు తగ్గకుండా చూసుకోవడమే మన పని" అన్నారు. ఆ తరువాత ఇరవై ఏళ్ళలో సంఘంవాళ్ళు ఎన్నిసార్లు బతిమాలినా మళ్ళీ ఏ పదవీ పట్టలేదు. అట్లాగని ఏ సెక్రటరీనీ సుఖంగా ఉండనివ్వలేదు. లెక్కలేనన్ని ప్రశ్నలు అడిగేవారు. సమాధి దగ్గర ఆయన గురించి మాట్లాడిన నలుగురు మాజీ సెక్రటరీలూ ఆ మాటే చెప్పి, నవ్వి, కళ్ళు తుడుచుకున్నారు. ప్రశ్న అడిగించుకోవడంలో పరువు తక్కువ లేదని నాకు నేర్పింది ఆయన. అందుకు ఆయనకు నేను రుణపడే ఉంటాను.

ఆయన్ని తలచుకుంటే నాకు కళ్ళముందు నిలిచేది మాత్రం కాగితాలు పంపిన కొద్దిరోజులకు వచ్చిన ఒక్క ఆదివారం. అంతకు ముందువారమే సార్ తప్పుకున్నారు, ఆస్పత్రి నర్సమ్మ ఒకామెను సెక్రటరీగా ఎన్నుకున్నారు. ఆ వేడుక చూడాలని నేనూ వెళ్ళాను. సార్ అలవాటు కొద్దీ నేరుగా ముందు బెంచీ దాకా నడిచారు. అక్కడ నర్సమ్మ కాగితాలున్నాయి. ఆగిపోయారు. వెనక్కి తిరిగితే బెంచీలన్నీ నిండిపోయి ఉన్నాయి. గుడి మధ్యలో, అందరూ చూస్తుండగా, కూర్చోవడానికి చోటులేక ఆయన నిలబడిపోయారు.

"ఈడికి రాండి సార్" అని రూతమ్మవ్వ చాప మీద పిల్లల్ని పక్కకు జరిపి చోటు చేసింది. సార్ చెప్పులు విడిచి, పంచె సర్దుకొని, మోకాళ్ళు పట్టుకొని కింద కూర్చున్నారు.

నర్సమ్మ ప్రకటనలు మొదలుపెట్టింది. ఆమె పెదవులు కదులుతున్నాయి. సార్ మెడ సాచారు. చెవి వెనక చెయ్యి పెట్టుకున్నారు. చివరికి ఉండబట్టలేక లేచి, "వినపడలేదమ్మా!" అని అరిచారు.

రూతమ్మవ్వ ఆయన కోటు అంచు పట్టుకొని లాగింది. "ఈడికి ఎప్పుడూ వినపడదు సార్. మీరు సదివినప్పుడు గూడా వినపడలేదు. ముందరోళ్ళని అడిగి తెలుసుకుంటా ఉంటిమి. ఆ ఢిల్లీ కాగితం ఒక్కటే మాకు వినపడేట్టు సదివినారు."

సార్ ఆమె ముఖంలోకి చూశారు. "పద్దెనిమిదేండ్లా?" అన్నారు మెల్లగా.

"పద్దెనిమిదేండ్లు" అంది అవ్వ.

ఆయన ముందుకు తిరిగి, "అమ్మా, మొదట్నుంచి చదువు. ఈడికొచ్చి చదువు" అన్నారు. నర్సమ్మ కాగితం పట్టుకొని నడిచి వచ్చి చాప అంచున నిలబడింది. ఆ పొద్దు ముందు బెంచీల పెద్దమనుషులందరూ మెడలు తిప్పి, వెనక్కి వాలి, చెవులు రిక్కించి వినాల్సి వచ్చింది. గుడి గుడంతా వెనక్కి తిరిగి కూర్చుంది. వెనక చాప మీద, అవ్వ పక్కన, సార్ తొట్టి కడిగేవాళ్ళ పేర్లు ఒక్కొక్కటే తలూపుతూ వింటున్నారు.