ఉండాదా, ఆడతాందా

ఒక వాక్యాన్ని పదేళ్లకు పైగా మోస్తున్నాను. నేను రాసిందే. అందులో అబద్ధం ఒక్క అక్షరం కూడా లేదు. బరువంతా అక్కడే ఉంది.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. పెనుకొండలో మా ఇంటివాళ్లు దీన్ని ఇప్పటికీ వచ్చినవాళ్లందరికీ గొప్పగా చెబుతారు. నేను పక్కనే కూర్చుని వింటాను. నవ్వుతాను కూడా.

ధర్మవరంలో చాలాకాలం విలేకరిగా పనిచేశాను. నా వార్తకు మరునాడు సవరణ వేయాల్సి వచ్చిన రోజు లేదు. ఆ పేరు విని ఢిల్లీలో ఒక మంత్రిగారు నన్ను తన కార్యాలయంలోకి తీసుకున్నారు. ఏ ప్రభుత్వమో చెప్పను, అది ముఖ్యం కాదు. పార్లమెంటులో సభ్యులు అడిగే ప్రశ్నలకు మంత్రిగారి జవాబులు తయారుచేయడం నా పని.

ఒకసారి ప్రతిపక్ష సభ్యుడి ప్రశ్న వచ్చింది. ధర్మవరంలో పట్టు మగ్గాలు ఆగిపోయాయన్న మాట నిజమేనా? నిజమైతే చూసి రావడానికి ఒక బృందాన్ని పంపుతారా? బృందం వచ్చి ఆగిన మగ్గాలను లెక్కలోకి తీసుకుంటే, ఆ ఇళ్లకు మళ్లీ నేత మొదలుపెట్టడానికి పట్టునూలు అందుతుంది. మంత్రిగారికి మాత్రం నిజమని ఒప్పుకోవడం ఇష్టం లేదు. 'మీకు తెలిసిన ఊరే కదా, చూసి రండి' అన్నారు.

వెళ్లాను. ఎన్నో ఏళ్లుగా తెలిసిన నేతగాళ్ల సందు. మొదటి ఇల్లు నారాయణమ్మక్కది. నేను వార్తలు రాసే రోజుల నుంచీ నన్ను 'పేపరాయనా' అనే పిలిచేది.

"ఏమప్పా పేపరాయనా, ఢిల్లీకి పోయి నల్లబడితివే. ఆడ ఎండలు ఎక్కువా?"

"ఎక్కువేలేక్కా. మగ్గముండాదా?"

"ఉండాది. యాడికి పోతాది? అటకెక్కి పండుకోనుండాది మహరాణి మాదిరి. కాళ్లు పెట్టి నేసే మగ్గం గుంత మీద బండ పరిచినాం, బండ మీద బియ్యం మూటలు. మావాడు పొద్దున రైలుకు హిందూపురం కంపెనీకి పోతాండాడు." కాఫీ గ్లాసు చేతికిచ్చి నవ్వింది. "నువ్వు ఉండాదా అని అడిగితివి గాబట్టి నవ్వుతాండా. ఆడతాందా అని అడిగింటే ఏడ్చిందును."

నేనూ నవ్వాను. అడిగినదానికి కారణం చెప్పాను. ఢిల్లీ నుంచి మనుషులు చూసేదానికి రావచ్చన్నాను.

"వస్తే బండ తీసి చూపిస్తా. ఎంతలోతు గుంతో చూడనీ."

ఆ సందులో ఇరవై ఇళ్లకు పైగా తిరిగాను. రెండో ఇంటి నుంచి ఏం అడిగానో తెలుసా? ఉండాదా అనే అడిగాను. మగ్గం ఉండటానికీ, నడవడానికీ మధ్య ఆమె చూపించిన తేడా నాకు అర్థం కాక కాదు. అర్థమయ్యే అడిగాను. అందరూ ఉండాదన్నారు. తాతలనాటి మగ్గాన్ని లేదని ఏ నేతగాడంటాడు?

సభలో ఆ ప్రశ్న వచ్చిన రోజు అధికారుల గ్యాలరీలో కూర్చున్నాను. ప్రతిపక్ష సభ్యుడు గట్టివాడు. జవాబు మీద అనుబంధ ప్రశ్నలు వేస్తూ మంత్రిగారిని ఊపిరి తిప్పుకోనివ్వలేదు. 'మగ్గాలు మూగబోయాయి, మీరు చూడలేదు' అన్నాడు. మంత్రిగారు నావైపు చూశారు. చీటీ మీద ఒక వాక్యం రాసి పంపాను. ఆయన చదివారు: "మా మనిషి ధర్మవరం నేతగాళ్ల సందులో ఇంటింటికీ తిరిగితే, మగ్గం లేని ఇల్లు ఒక్కటి కూడా కనబడలేదు."

బల్లలు మోగాయి. సభ్యుడు కూర్చున్నాడు. బృందం మాట అక్కడితో ఆగిపోయింది.

నాకు ఛాతీ పొంగింది. పెనుకొండ మనిషి రాసిన ఒక్క వాక్యం దేశమంత సభచేత బల్లలు కొట్టించింది. రాసినదాంట్లో తప్పు పట్టగలవాడు ఎవడు? వార్తల్లో ఇన్నేళ్లు నేర్చుకున్న పొదుపు, ఖచ్చితత్వం, మాట బరువు, అన్నీ అందులో ఉన్నాయి. ఇవాళ కూడా ఆ బల్లల చప్పుడు గుర్తొస్తే వీపు నిటారవుతుంది. మీ దగ్గర దాచడమెందుకు? సిగ్గు తరువాత వచ్చింది. గర్వం ముందే వచ్చి కూర్చుంది, ఇంకా లేవలేదు.

నాలుగు నెలల తరువాత ధర్మవరం పోయాను. నారాయణమ్మక్క గడపలోనే చేయి పట్టుకుంది.

"టీవీలో చూసినామప్పా! మా సందు మాట పార్లమెంటులో చెప్పినాడంట మంత్రి. ప్రతి ఇంట్లో మగ్గముండాదని! అంతా నీవల్లే."

లోపలికి తీసుకుపోయింది. బియ్యం మూటలు వేరే మూలన ఉన్నాయి. బండ గోడకు ఆనించి ఉంది. గుంత ఊడ్చి, అంచులకు సున్నం కొట్టించింది. మగ్గం కర్రలు అటక దించి, తుడిచి, వరుసగా పేర్చింది.

"ఎప్పుడొస్తారు వాళ్లు?"

"వస్తారక్కా," అన్నాను.

చీటీలో అబద్ధం లేదన్నాను కదా. అబద్ధం ఇక్కడుంది.

తరువాత ఆ సందుకు పోలేదు. ఎందుకు పోలేదని నన్ను నేను చాలాసార్లు అడిగాను. పని ఎక్కువ అని ఒకసారి, ఆరోగ్యం అని ఇంకోసారి చెప్పుకున్నాను. జవాబులు తయారుచేయడం నా వృత్తి, నాకు కొరత రాదు. ఆమె ఇప్పుడెలా ఉందో తెలియదు. ధర్మవరం నుంచి హిందూపురం పోయే పొద్దుటి రైలు పెనుకొండలో ఆగినప్పుడు, భోజనం క్యారియర్లతో కిటికీల దగ్గర కూర్చున్నవాళ్లలో ఆమె కొడుకు కోసం చూస్తాను. కనబడితే ఏం చెప్పాలో రాసుకున్నది లేదు.

చీటీ వెనక్కి తీసుకోలేను. ఆ రోజు రాయాల్సినది మాత్రం ఈరోజు రాయగలను.

ప్రశ్న: నారాయణమ్మ ఇంట్లో మగ్గం ఆడుతోందా?

జవాబు: లేదు. మంత్రిగారికి చీటీ పంపినవాడికి ఆ సంగతి తెలుసు.